నోరు కట్టుకోకుండా కేలరీలు తగ్గించడం ఎలా? చిప్స్, కూల్ డ్రింక్, ఐస్‌క్రీమ్, పిజ్జాలకు బదులు ఏం తినొచ్చు?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. సాయంత్రం పని నుంచి రాగానే ఒక చిప్స్ ప్యాకెట్, దాంతోపాటు ఒక కూల్ డ్రింక్. రాత్రి పడుకునే ముందు ఒక కప్పు ఐస్‌క్రీమ్. వారాంతంలో పిజ్జా, లేకపోతే బర్గర్. ఏడాదిలో ఆరు కిలోలు పెరిగారు. మూడుసార్లు అన్నీ ఒకేసారి మానేశారు, మూడుసార్లూ పది రోజులు తిరక్కుండానే మళ్లీ మొదలయ్యాయి. రుచి పోకుండా కేలరీలు తగ్గే దారి ఉందా, బేక్డ్ చిప్స్, డార్క్ చాక్లెట్, డైట్ కూల్ డ్రింక్ నిజంగా పనికొస్తాయా అని అడిగారు.

నేను 18 ఏళ్లుగా పోషకాహార సలహాలు ఇస్తున్నాను. ఈ ప్రశ్న దాదాపు ప్రతి వారం వింటాను, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా, మూడుసార్లు మానలేకపోయినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 20 మందిని నాలుగు వారాలు తమ దగ్గరే ఉంచుకుని ఒక ప్రయోగం చేశారు. రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. రెండింటిలోనూ వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా ఉండేలా చూశారు, ఎంత తినాలన్నది వాళ్ల ఇష్టానికే వదిలేశారు. ప్రాసెస్ చేసిన తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో ఒక్కొక్కరు సగటున 0.9 కిలో పెరిగారు, మామూలు తిండి తిన్న రెండు వారాల్లో అంతే తగ్గారు. వాళ్లు తిన్న వేగం కూడా ఎక్కువే. నమలడానికి పెద్దగా పని ఉండదు, గబగబా లోపలికి పోతుంది, కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరేలోపే ప్యాకెట్ ఖాళీ అవుతుంది. మీలో నిగ్రహం తక్కువై ఇలా జరగడం లేదు, ఆ తిండి తయారైన తీరే అది.

ఇప్పుడు బదులు సంగతి. ఈ వృత్తిలో మొదటి నాలుగైదేళ్లు నేను ఒక తప్పు చేశాను. చిప్స్ తినాలనిపిస్తే క్యారెట్ ముక్కలు తినమనేదాన్ని, ఐస్‌క్రీమ్ అడిగితే ఆపిల్ తినమనేదాన్ని. వాళ్లు బుద్ధిగా క్యారెట్ తినేవాళ్లు, అరగంట ఆగి చిప్స్ కూడా తినేవాళ్లు. క్యారెట్ కేలరీలు అదనంగా చేరడం తప్ప ఒరిగిందేమీ లేదు. ఒకామె ఏడుపు ఆపుకుంటూ ఈ మాట చెప్పినప్పుడు గానీ నాకు తెలిసిరాలేదు. ఆ తర్వాత నుంచి ఎవరికైనా ముందు ఒకటే అడుగుతున్నాను: ఆ తిండిలో మీ నాలుక వెతుక్కుంటున్నది ఏమిటి? చిప్స్‌లో కరకరా, ఉప్పా? కూల్ డ్రింక్‌లో తీపా, గొంతులో గ్యాస్ గుచ్చుకోవడమా, చల్లదనమా? ఐస్‌క్రీమ్‌లో వెన్నలాంటి నునుపా, తీపా? నాలుకకు కావలసింది ఉంచి, దానికి పట్టని నూనెనూ చక్కెరనూ తీసేస్తే ఆ బదులు నిలబడుతుంది. కావలసిందాన్నే తీసేస్తే పది రోజులకు మించి నిలవదు.

దీన్ని తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఈ సాయంత్రం ప్యాకెట్ విప్పాక ఒక్క చిప్ తీసుకుని నాలుక మీద పెట్టుకుని, కొరక్కుండా కాసేపు ఉంచండి. ముందు ఉప్పు తగులుతుంది. అర నిమిషానికి అది మెత్తబడి, పిండి ముద్దలా నూనె వాసన వేస్తుంది. ఇప్పుడు దాన్ని నమిలి మింగి, ఇంకోటి మామూలుగా కరకరమంటూ తినండి. చాలామంది ఇక్కడే ఆశ్చర్యపోతారు. తమకు ఇష్టమైంది బంగాళాదుంప కాదు, నూనె కూడా కాదు, ఆ చప్పుడూ ఉప్పూ అని అప్పుడు తెలుస్తుంది. చప్పుడు అని ఊరికే అనడం లేదు. 2004లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చిప్స్ కొరుకుతున్నవాళ్ల చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి, కొరికిన శబ్దాన్నే పెంచి వినిపిస్తే అవే చిప్స్ మరింత తాజాగా, కరకరగా ఉన్నాయని తిన్నవాళ్లు చెప్పారు.

చిప్స్‌లో కేలరీలు ఎక్కడి నుంచి వస్తాయో చూడండి. పచ్చి బంగాళాదుంప 100 గ్రాములకు సుమారు 77 కేలరీలే, ఎందుకంటే అందులో ఎనభై శాతం దాకా నీళ్లు. వేయించేటప్పుడు ఆ నీళ్లు ఆవిరై పోతాయి, ఆ ఖాళీల్లోకి నూనె దూరుతుంది. చివరికి 100 గ్రాముల చిప్స్ సుమారు 540 కేలరీలు, అందులో మూడో వంతు బరువు నూనెదే. గ్రాము పిండిపదార్థానికి, గ్రాము ప్రొటీన్‌కి 4 కేలరీలైతే గ్రాము కొవ్వుకు 9. ఈ ఒక్క లెక్క గుర్తుంటే జంక్ ఫుడ్‌లో సగం గుట్టు తెలిసినట్టే. పాపం బంగాళాదుంపను అందరూ తిడతారు గానీ, 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో 38 రకాల ఆహారాలు తినిపించి ఏది ఎక్కువసేపు కడుపు నిండుగా ఉంచుతుందో కొలిచినప్పుడు మొదటి స్థానం ఉడికించిన బంగాళాదుంపదే. అంతే కేలరీల తెల్ల బ్రెడ్ కంటే మూడు రెట్లకు పైగా.

కరకర, ఉప్పు కావాలనుకుంటే నా మొదటి సలహా పాప్‌కార్న్. ఇంట్లో చేసింది. 30 గ్రాముల గింజలు, ఒక చిన్న చెంచా నూనె, అంటే సుమారు 155 కేలరీలు. మీరు తినే 50 గ్రాముల చిప్స్ ప్యాకెట్ 270. తేడా అంకెల్లోనే కాదు, ఆ 30 గ్రాములు పేలి లీటరు గిన్నె నింపేస్తాయి. చిప్స్ అయిదు నిమిషాల్లో అయిపోతే ఇది ఇరవై నిమిషాలు వస్తుంది. చాలామంది ఇంట్లో చేసి "రుచి లేదు, ఉప్పంతా అడుగున ఉండిపోతోంది" అంటారు. మామూలు ఉప్పు పలుకులు పొడి పాప్‌కార్న్‌కి అంటుకోవు, జారిపోతాయి. ఉప్పును మిక్సీలో ఒక తిప్పు తిప్పి పిండిలా చేసి ఉంచుకోండి, పేలగానే వేడి మీదే చల్లి మూతపెట్టి కుదపండి. అప్పుడు తక్కువ ఉప్పుతోనే ప్రతి పేలాలో తెలుస్తుంది. మిరియాల పొడి, వెల్లుల్లి పొడి, ఎండు మిరప పొడి మీ ఇష్టం. బజారులో వెన్న పూసి అమ్మే మైక్రోవేవ్ ప్యాకెట్లు మాత్రం ఈ లెక్కలోకి రావు, వాటిలో కేలరీలు దాదాపు చిప్స్‌తో సమానం.

బంగాళాదుంపే కావాలనేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా ఫ్రెంచ్ ఫ్రైస్ ప్రియులు. వాళ్ల కోసం నేను చేసే పద్ధతి కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇంట్లో చేసినవి మెత్తగా సాగిపోతాయనే కారణంతోనే జనం మళ్లీ బయట కొంటారు. 200 గ్రాముల దుంపను వేలంత మందాన కోసి చల్లటి నీళ్లలో అరగంట వేయండి. నీళ్లు తెల్లగా మారతాయి, అది పైనున్న గంజి. ఆ గంజి పోకపోతే లోపల ఉడక్కముందే పైన మాడుతుంది. ఆ నీళ్లు పారబోసి, మరిగే నీళ్లలో చిటికెడు వంట సోడా వేసి నాలుగైదు నిమిషాలు ఉడికించండి. సోడా వల్ల ముక్క పైపొర కాస్త కరుగుతుంది. వడకట్టి, ఆవిరి పోయేదాకా అలాగే వదిలేయండి. తడి ఆరకముందే తొందరపడితే శ్రమంతా వృథా. ఆరిన ముక్కలను ఒక గిన్నెలో వేసి ఒకే ఒక్క చిన్న చెంచా నూనె పోసి, మూతపెట్టి గట్టిగా అయిదారుసార్లు ఎగరేయండి. మూత తీస్తే ముక్కల అంచులన్నీ గరుకుగా, ముద్ద పట్టినట్టు కనిపిస్తాయి. ఆ గరుకే కాలాక కరకరలాడుతుంది. ఓవెన్‌లోనో ఎయిర్ ఫ్రయర్‌లోనో 200 డిగ్రీల్లో 20 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కదపాలి. ఒకదాని మీద ఒకటి పడితే ఆవిరికి మెత్తబడతాయి, అందుకే పరిచినట్టు ఒక వరసే. ఉప్పు దించాక చల్లండి. పైపైన ఉన్న ఉప్పే నాలుకకు ముందు తగులుతుంది.

మొత్తం ప్లేటు 200 కేలరీల లోపు. బయట నూనెలో వేయించినవైతే 150 గ్రాములకే 460 దాటుతుంది.

రంగు విషయంలో ఒక జాగ్రత్త. బంగారు రంగు రాగానే ఆపేయండి, ముదురు గోధుమ రంగు దాకా పోనివ్వకండి. పిండి ఎక్కువున్న పదార్థాలను 120 డిగ్రీలు దాటిన వేడిలో వేయించినా కాల్చినా అక్రిలమైడ్ అనే రసాయనం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. రంగు ముదిరేకొద్దీ అది పెరుగుతుంది. వేయించబోయే దుంపలను ఫ్రిజ్‌లో కూడా పెట్టకండి. చలికి వాటిలో చక్కెర పెరిగి, వేయించేటప్పుడు ఇదే రసాయనం ఎక్కువ తయారవుతుంది.

ఇక మీరు అడిగిన బేక్డ్ చిప్స్. 100 గ్రాములకు చాలావరకు 450 కేలరీల చుట్టూ ఉంటాయి. అంటే 50 గ్రాముల మీద మీకు మిగిలేది 45 కేలరీలు. "ఇవి బేక్డ్ కదా" అనుకుని ఇంకో 10 గ్రాములు నోట్లో వేసుకుంటే ఆ 45 కూడా చెల్లు. మానమని చెప్పను, కానీ వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. రంగురంగుల కూరగాయల చిప్స్, అరటి చిప్స్, మల్టీగ్రెయిన్ చిప్స్ అయితే ఆ మాత్రం తేడా కూడా ఉండదు. నూనెలో వేయిస్తే ఏ కూరగాయైనా ఒకటే.

కూల్ డ్రింక్ దగ్గర నేను కాస్త గట్టిగా మాట్లాడతాను. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర, 140 కేలరీలు. చక్కెర దాదాపు 9 చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన హద్దు ప్రకారం రోజు మొత్తం కేలరీల్లో బయట నుంచి కలిపిన చక్కెర వాటా పది శాతం లోపే ఉండాలి, అయిదు శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. 2000 కేలరీలు తినేవాళ్లకు ఆ అయిదు శాతం అంటే 25 గ్రాములు. ఒక్క డబ్బాతోనే అది దాటిపోతోంది. పైగా తాగిన కేలరీలు కడుపు నింపవు. 140 కేలరీల అన్నమో బ్రెడ్డో తింటే ఆ తర్వాత పూట కొంతైనా తక్కువ తింటాం, కోలా తాగితే అలా తగ్గించం. మీరు ఒక్కటే మార్చగలనంటే ఇదే మార్చండి.

డైట్ కూల్ డ్రింక్ మంచిదేనా అంటే, కేలరీల లెక్కలో మంచిదే. అందులో ఉండేవి సున్నాకు దగ్గర. అయితే 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, దీర్ఘకాలంలో బరువు తగ్గడానికి కృత్రిమ తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని సూచించింది. అదే ఏడాది జులైలో ఆ సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం, డైట్ కూల్ డ్రింకుల్లో వాడే అస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి పదార్థాన్ని "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి" అనే జాబితాలో చేర్చడంతో చాలామంది భయపడిపోయారు. అదే సమయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ, శరీర బరువు కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితిని మార్చాల్సిన అవసరం లేదని తేల్చింది. 70 కిలోల మనిషి ఆ పరిమితి దాటాలంటే రోజుకు 9 నుంచి 14 డబ్బాలు తాగాలి. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్లు మాత్రం అస్పర్టేమ్ అసలు ముట్టకూడదు. నా అభిప్రాయం ఏమిటంటే, రోజూ చక్కెర కోలా తాగేవాళ్లు ఓ రెండు నెలలు డైట్ రకానికి మారడం మేలే, కానీ అక్కడే ఆగిపోతే నాలుక ఆ తీపికి అలవాటుపడే ఉంటుంది.

గ్యాస్ గుచ్చుకోవడం, చల్లదనం మీకు ఇష్టమైతే సాదా సోడాలో నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు, నాలుగు ఐస్ ముక్కలు వేసుకుని తాగి చూడండి. తీపి లేకుండా కుదరదనుకుంటే మొదటి వారం మూడు వంతులు కూల్ డ్రింక్, ఒక వంతు సోడా కలపండి. తర్వాతి వారం సగం సగం. ఆ తర్వాత ఒక వంతు కూల్ డ్రింక్, మూడు వంతులు సోడా. నెల తిరిగాక మామూలు డబ్బా తాగితే పాకం తాగినట్టు అనిపిస్తుంది. ఇది నేను ఎంతోమందిలో చూశాను. ఒక్క మాట, దీనికి బదులు పండ్ల రసం వద్దు. నారింజ రసం 100 మిల్లీలీటర్లకు 45 కేలరీలు, కోలా 42. విటమిన్లు ఉంటాయి నిజమే, కానీ కేలరీలు తగ్గాలని వెతుకుతున్న మీకు అది పనికిరాదు. పండు కొరుక్కుని తినండి.

ఐస్‌క్రీమ్ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. చల్లదనం నాలుక మీద తీపిని మందగింపజేస్తుంది. అందుకే ఐస్‌క్రీమ్‌లో మామూలు కంటే ఎక్కువ చక్కెర వేస్తారు. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ తాగి చూస్తే వెగటుగా ఉండేది అందుకే. మామూలు వెనీలా 100 గ్రాములకు సుమారు 200 కేలరీలు, క్రీమ్ ఎక్కువున్న ఖరీదైన రకాలు 250 దాటుతాయి. డబ్బాల మీద పోల్చి చూసేటప్పుడు మిల్లీలీటర్ల లెక్కా గ్రాముల లెక్కా అన్నది గమనించండి. ఐస్‌క్రీమ్ ఘనపరిమాణంలో సగం దాకా గాలే ఉండొచ్చు, కాబట్టి 100 మిల్లీలీటర్లంటే 50, 60 గ్రాములే కావొచ్చు. "ఇది తక్కువ కేలరీలది" అనిపించే డబ్బాల్లో కొన్నింటి రహస్యం ఈ గాలే.

ఇంట్లో చేసుకోదగ్గ బదుల్లో అరటిపండుకు సాటి లేదు. తొక్క మీద నల్ల మచ్చలు పడ్డ, బాగా పండినవి రెండు తీసుకోండి. పచ్చివైతే తీపి చాలదు. బిళ్లల్లా కోసి, ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పరిచి కనీసం నాలుగు గంటలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. మిక్సీలో వేస్తే మొదట గలగలా గులకరాళ్లలా తిరుగుతాయి, తర్వాత ఇసుకలా అవుతాయి. చాలామంది ఇక్కడ పాడైపోయిందనుకుని నీళ్లు పోసేస్తారు. పోయకండి. ఆపి, అంచులకు అంటుకున్నది గరిటెతో కిందికి తోసి, మళ్లీ తిప్పండి. ఇలా మూడు నాలుగుసార్లు చేసేసరికి ఉన్నట్టుండి ముద్దయి, గరిటె తీస్తే చార పడేంత నున్నగా మారుతుంది. రెండు చెంచాల కోకో పొడి, చిటికెడు ఉప్పు వేస్తే చాక్లెట్ ఐస్‌క్రీమే. 100 గ్రాములకు 90 కేలరీల చిల్లర. అప్పటికప్పుడు తినాలి, మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే రాయవుతుంది.

అరటి వాసన పడనివాళ్లు గుడ్డలో వడకట్టిన గట్టి పెరుగులో గడ్డకట్టించిన పండ్ల ముక్కలు వేసి తిప్పుకోవచ్చు. ఏ మిక్సీ గొడవా వద్దంటే ద్రాక్షపళ్లు గడ్డకట్టించి ఒక్కొక్కటే చప్పరించండి, 100 గ్రాములు 70 కేలరీల లోపే. చిన్నపిల్లలకు మాత్రం కోయకుండా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడుతుంది.

అయితే ఐస్‌క్రీమ్‌లో మీకు కావలసింది ఆ పాల కొవ్వు నునుపే అయితే అరటిపండుతో తృప్తి కలగదు, ఆ విషయం ముందే ఒప్పుకోండి. అలాంటివాళ్లు అసలైన ఐస్‌క్రీమే తినాలి, కానీ చిన్న కప్పు కొనాలి. లీటరు డబ్బా ఇంట్లో ఉంచుకుని రోజూ రెండు చెంచాలే తింటానని నాకు మాటిచ్చినవాళ్లలో నిలబెట్టుకున్నవాళ్లు చాలా తక్కువ. 60 గ్రాముల కప్పు 125 కేలరీలు. అది అయిపోతే అయిపోయినట్టే.

చాక్లెట్ సంగతి త్వరగా చెప్పేస్తాను. డార్క్ చాక్లెట్‌లో కేలరీలు తక్కువ అన్నది పొరపాటు. మిల్క్ చాక్లెట్ 100 గ్రాములకు 535 చుట్టూ ఉంటే, 70 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ 600 దాకా ఉంటుంది, ఎందుకంటే కోకో వెన్న ఎక్కువ. దాని మేలు వేరే చోట ఉంది. చేదు వల్ల రెండు ముక్కలకే చాలనిపిస్తుంది. మీకు అలా అనిపించకపోతే అది మీకు బదులు కాదు. షుగర్ ఫ్రీ చాక్లెట్లలో మాల్టిటాల్ అనే తీపి పదార్థం వాడినవి చాలా ఉంటాయి. కేలరీలు అంతగా తగ్గవు, ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు. చాక్లెట్ రుచి కావాలంటే వెన్న తీసిన పాలు ఒక గ్లాసు వేడిచేసి, రెండు చెంచాల కోకో, ఒక చెంచా చక్కెర వేసుకోండి. 100 కేలరీల చుట్టూ వస్తుంది, మంచి చిక్కటి కోకో వాసనతో.

పిజ్జాలో కేలరీలన్నీ రొట్టెలోనూ చీజ్‌లోనూ ఉంటాయి. పైన వేసే కూరగాయలను లెక్కపెట్టకపోయినా ఫర్వాలేదు. పెద్ద పిజ్జాలో మామూలు మందం ముక్క ఒకటి 280 కేలరీల పైమాటే. బయట తెప్పించుకుంటే పల్చటి రొట్టె అడగండి, అదనపు చీజ్, అంచుల్లో చీజ్ కూరడం వద్దనండి, పక్కన ఇచ్చే మయొనైజ్ డిప్ తెరవకండి. ఈ డిప్ మాట తేలిగ్గా తీసుకోవద్దు. మయొనైజ్ అంటే ముప్పావు వంతు నూనే. ఒక పెద్ద చెంచా 95 కేలరీలు. ముక్క ముక్కకూ ముంచి తింటే ఇంకో పిజ్జా ముక్క తిన్నట్టే. ఇంట్లో అయితే పల్చటి గోధుమ రొట్టె ఒకటి తీసుకుని, టొమాటో గుజ్జు రాసి, 40 గ్రాముల మొజరెల్లా తురిమి, ముందే పొడిగా వేయించి నీరు ఇంకిన పుట్టగొడుగులు, ఉల్లి, క్యాప్సికం వేసి బాగా వేడెక్కిన ఓవెన్‌లో 8 నిమిషాలు పెట్టండి. మొత్తం పిజ్జా 300 కేలరీలకు అటూ ఇటూ. చీజ్‌ను ముక్కలుగా వేయకుండా సన్నగా తురిమితే సగం చీజ్‌తోనే పైనంతా పరుచుకుంటుంది.

బర్గర్‌కీ మయొనైజే శత్రువు, దాంతోపాటు వచ్చే ఫ్రైస్, కోలా. బర్గర్ ఒక్కటే తిని లేవగలిగితే సగానికి సగం తగ్గినట్టే. మయొనైజ్‌కి బదులు గట్టి పెరుగులో ఆవాల సాస్, తురిమిన వెల్లుల్లి, మిరియాలు, కాస్త వెనిగర్ కలిపితే పెద్ద చెంచా 15 కేలరీలు. పూర్తిగా పెరుగు నచ్చకపోతే సగం మయొనైజ్, సగం పెరుగు కలపండి. మా ఇంట్లో మూడేళ్లుగా ఇదే నడుస్తోంది, పిల్లలకు తేడా తెలియలేదు. వేయించిన చికెన్ ఇష్టమైతే చర్మం తీసి, పెరుగులో నానబెట్టి, నలిపిన కార్న్‌ఫ్లేక్స్ అద్ది ఓవెన్‌లో 200 డిగ్రీల్లో కాల్చండి, కరకర బాగానే వస్తుంది. ఇన్‌స్టంట్ నూడుల్స్ చాలావరకు ముందే నూనెలో వేయించి ఆరబెట్టినవి. వేయించకుండా గాలికి ఆరబెట్టిన రకం దొరికితే అది కొనండి. లేకపోతే సగం ప్యాకెట్ వేసి, మిగతా సగం జాగా కూరగాయలతో, ఒక గుడ్డుతో నింపండి. డైజెస్టివ్ బిస్కెట్లు ఆరోగ్యకరమని తినేవాళ్లు వెనక అంకె ఒకసారి చూడండి, 100 గ్రాములకు 480 చుట్టూ ఉంటుంది, మామూలు తీపి బిస్కెట్ల లాగే. బాదం, వేరుశనగలు గుండెకు మంచివే, కానీ 100 గ్రాములకు 570 చిల్లర. గుప్పెడు కొలిచి తినాలే తప్ప డబ్బా ముందు పెట్టుకుని కూర్చోకూడదు. డోనట్‌కి నాకు తెలిసిన బదులు లేదు. తినాలనిపిస్తే నెలకో రెండు నెలలకో మంచిది ఒకటి కొనుక్కుని ప్రశాంతంగా కూర్చుని తినండి.

ప్యాకెట్ వెనక పట్టిక చదివేటప్పుడు "ఒక సర్వింగ్‌కు" అన్న గడి వదిలేసి "100 గ్రాములకు" అన్న గడి చూడండి. సర్వింగ్ ఎంతో నిర్ణయించేది తయారీదారు, ఒకరు 20 గ్రాములంటే ఇంకొకరు 30 అంటారు. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండే "లైట్" అనే మాట అదే కంపెనీ మామూలు రకంతో పోల్చి చెప్పేది. 540 ఉన్నది 400 అయినా లైటే, అయినా 400 చిన్న అంకె కాదు. కొవ్వు తీసేసినవాటిలో రుచి కోసం చక్కెర పెంచడం కూడా మామూలే. ఆలివ్ నూనె వాడితే కేలరీలు తగ్గుతాయా అని చాలామంది అడుగుతారు. తగ్గవు, ఏ నూనైనా గ్రాముకు 9. స్ప్రే డబ్బాలో ఉన్నదీ నూనే, చుక్కలుగా పడుతుంది కాబట్టి తక్కువ వాడతాం, అంతే.

మధుమేహానికి మందులు వాడుతున్నా, మూత్రపిండాల సమస్య ఉన్నా ఈ మార్పులు మీ డాక్టర్‌కి చెప్పి చేయండి. ఇంట్లోవాళ్లకు తెలియకుండా దాచుకుని, కడుపు నొప్పి పుట్టేదాకా తిని తర్వాత కుమిలిపోవడం జరుగుతుంటే అది బదులు తిండితో తీరే సమస్య కాదు. సిగ్గుపడకుండా మానసిక వైద్య నిపుణులను కలవండి, దానికి మంచి చికిత్స ఉంది.

మీ లెక్క వేసి చూశాను. రోజూ చిప్స్ 270, కోలా 140, ఐస్‌క్రీమ్ 100 గ్రాములు అనుకుంటే 200, మొత్తం 610. వాటి స్థానంలో పాప్‌కార్న్ 155, నిమ్మ సోడా లెక్కలోకి రానంత, అరటి ఐస్‌క్రీమ్ 90 పెడితే 245. రోజుకు 365 కేలరీలు తగ్గాయి, ఒక్క పూట కూడా నోరు కట్టుకోలేదు. మొదటి రెండు మూడు నెలలు నెలకో కిలో చొప్పున తగ్గొచ్చు. తర్వాత వేగం మందగిస్తుంది, బరువు తగ్గిన శరీరం ఖర్చుపెట్టేదీ తగ్గుతుంది కాబట్టి. అప్పుడు కంగారుపడకండి.

అన్నీ ఒకేసారి మార్చొద్దు, మీరు మూడుసార్లు ఓడింది అలాగే. ఈ సోమవారం నుంచి కూల్ డ్రింక్ ఒక్కటే, పైన చెప్పినట్టు సోడా కలుపుతూ. చిప్స్, ఐస్‌క్రీమ్ మామూలుగానే తినండి, కాకపోతే చిప్స్ ప్యాకెట్‌లోంచి కాకుండా గిన్నెలో పోసుకుని తినండి. నెల తర్వాత పాప్‌కార్న్ మొదలుపెట్టండి. ఆ మొదటి వారం పాప్‌కార్న్ మీకు నచ్చకపోతే దాన్ని బలవంతంగా మింగకండి. ఉప్పు చాలలేదా, కరకర చాలలేదా, నూనె వాసనే కావాలనిపించిందా అని చూసుకుని నాకు రాయండి, దాన్ని బట్టి వేరేది చెబుతాను.